తాండూరు ఎంత దూరము?

ఒకనాడు వికారాబాదు జంక్షనులో పడమరగా పోవు రైలుబండి నెక్కితిని. పదునొకండు గంటలు దాటినది. నా యెదుటి బల్లపై ఒక ముసలమ్మ కూర్చుండియుండెను. ఒడిలో గుడ్డమూట, చేతిలో నలిగిన టికెట్టు. బీదరు వైపునుండి వచ్చిన బండి దిగి ఆమె ఇక్కడ మారినదట. బండి కదలక మునుపే ఆమె ప్రక్కవారిని, "తాండూరెంత దూరముంటది బిడ్డా?" అని అడిగెను.

కళాశాలలో చదువుకొనుచున్న ఒక పిల్లవాడు, "నలుబది కిలోమీటర్లు, అవ్వా" అనెను. నాపరాళ్ల వ్యాపారి యొకడు, "ముప్పావుగంట" అనెను. కిటికీకడ నున్న రైతు వ్రేళ్లు ముడుచుచు, "గోదమ్‌గూడ, ధారూరు, రుక్మాపురము, మంతట్టి, ఐదవది తాండూరు" అని లెక్క చెప్పెను.

ముసలమ్మ ముగ్గురి మాటలును విని తల పంకించి, "అవన్ని నాకెందుకు? నా బిడ్డ ఆసుపత్రిల కాన్పుకున్నది. పన్నెండింటికి ఆపరేషనుకు తీసుకపోతరంట. అంతలోపల నేను పోయి దాని మొగము చూస్తనా, చూడనా? అది చెప్పండి" అనెను.

ముగ్గురును ఊరకుండిరి. వారు చెప్పిన మూడు మాటలును నిజములే. అందులో ఒక్కటియు ఆమె యడిగిన ప్రశ్నకు జవాబు కాలేదు.

బండి కదలినది. నేను ఉపాధ్యాయ వృత్తిలో నున్నవాడను గనుక, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. రెండు ఊళ్ల నడుమ దూర మెంతయనుట సులభమైన ప్రశ్నవలె కన్పట్టును. కాని దాని లోతు పటము ముందు పెట్టుకొని కూర్చున్నగాని తెలియదు.

పటములో వికారాబాదు సుమారు 17 డిగ్రీల 20 నిమిషముల ఉత్తర అక్షాంశము మీదను, 77 డిగ్రీల 54 నిమిషముల తూర్పు రేఖాంశము మీదను ఉన్నది. తాండూరు సుమారు 17 డిగ్రీల 15 నిమిషముల అక్షాంశము, 77 డిగ్రీల 35 నిమిషముల రేఖాంశము. అనగా తాండూరు వికారాబాదునకు 5 నిమిషముల దక్షిణముగను, 19 నిమిషముల పడమరగను ఉన్నది. ఇవి గడియారపు నిమిషములు కావు. డిగ్రీలో అరువదవ వంతులు. ఉత్తర దక్షిణములుగా ఒక నిమిషమునకు సుమారు 1.85 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా మన ప్రాంతమున ఒక నిమిషమునకు సుమారు 1.77 కిలోమీటర్లు. కావున దక్షిణముగా 9 కిలోమీటర్ల పైచిలుకు, పడమరగా దాదాపు 34 కిలోమీటర్లు. ఈ రెంటిని లంబకోణ త్రిభుజమునందు రెండు భుజములుగా తీసికొని కర్ణమును కట్టి చూడుడు. సుమారు 35 కిలోమీటర్లు వచ్చును. పిట్ట ఎగిరి పోయినచో దానికి పట్టు దూర మిది.

కాని మనము పిట్టలము కాము. రైలుదారి పొడవు దాదాపు 40 కిలోమీటర్లు. ఆ అయిదారు కిలోమీటర్లు ఎందుకు పెరిగినవో తెలియవలెనన్న, కిటికీలోనుండి చూచిన చాలును. వికారాబాదు ఎత్తైన గడ్డ మీది ఊరు. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైన నున్నది. తాండూరు సుమారు 450 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇనుపచక్రములు ఇనుపపట్టాల మీద నిటారు వాలులో నిలువజాలవు గనుక, దారిని మెల్లమెల్లగా, వంపులు త్రిప్పుచు దింపవలసి వచ్చినది. ప్రక్కనే యున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. ఆ కొండల తూర్పు వాలున పడిన వానచినుకు మూసీలో చేరి హైదరాబాదు నగరము నడుమగా ప్రవహించి కృష్ణలో కలియును. పడమటి వాలున పడిన చినుకు కాగ్నానదిలో చేరి, తాండూరు ప్రక్కగా పోయి, భీమానదిలో కలిసి, ఆ భీమతోపాటు రాయచూరు వైపున అదే కృష్ణను చేరును. ప్రక్కప్రక్కన పడిన రెండు చినుకులు అన్ని దినములు విడిగా తిరిగి మరల ఒకే నదిలో కలిసికొనును! ఇది విషయాంతరమే యైనను, ఆ దారిన పోవునపుడెల్ల నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఈ ఇనుపదారి మిక్కిలి పాతది. బొంబాయి మద్రాసు మార్గమునందలి వాడి స్టేషను నుండి సికిందరాబాదు వరకు నిజాము ప్రభుత్వ ధనముతో వేసిన ఈ దారి 1874 అక్టోబరులో ప్రారంభమైనది. అంతకు పూర్వము వికారాబాదు నుండి తాండూరునకు పోవలెనన్న ఎద్దులబండియే గతి. అది గంటకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నడువదు. తెల్లవారుజామున బయలుదేరిన బండి, ఎద్దులకు మేతయు నీరును పెట్టుకొనుచు పోయి, చీకటి పడిన పిమ్మటనో మరునాడో తాండూరు చేరెడిది.

అందువలననే మన పెద్దలు దూరమును కొలుచునపుడు కాలమును కూడ కలిపి చెప్పెడివారు. కూతవేటు దూరము, జాము నడక, పూట ప్రయాణము అనెడివారు. క్రోసు, ఆమడ అను కొలతలు లేకపోలేదు. నాలుగు క్రోసులు ఒక ఆమడ. ఆ లెక్కన తాండూరు మూడామడల దూరము. కాని బాటసారికి కావలసినది ఆమడల లెక్క కాదు. ప్రొద్దు గ్రుంకక మునుపు చేరుదుమా లేదా అనునదే. మా బండిలోని ముసలమ్మయు అదియే అడిగినది. పిల్లవాడు కిలోమీటర్లు చెప్పినపుడు ఆమె తల పంకించుటలో అజ్ఞాన మేమియు లేదు.

కాలపు లెక్కలోను చిక్కు లేకపోలేదు. తాండూరు 19 నిమిషముల రేఖాంశము పడమరగా ఉన్నదని చెప్పితిని గదా! భూమి తిరుగుచుండుట వలన, అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చుట వికారాబాదులో కంటె 76 సెకండ్లు ఆలస్యమగును. ప్రతి యూరును తన నీడగడియారమును తానే నమ్ముకొన్న దినములలో ఈ 76 సెకండ్లు ఎవరికిని పట్టలేదు. రైలు వచ్చిన తరువాత ఊరికొక మధ్యాహ్న మున్నచో కాలపట్టిక వ్రాయుట యెట్లు? అందుచే మన దేశపు రైళ్లు చాలకాలము మద్రాసు కాలమును అనుసరించినవి. 1906 జనవరి 1 నుండి భారతదేశమంతటికిని ఒకే కాల మేర్పడినది. ఆ కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన తెలుగుసీమలో అన్నవరమునకును తునికిని నడుమగా పోవుచున్నది. వికారాబాదు దానికి పడమర నుండుటచే, ఇక్కడి గడియారము పన్నెండు కొట్టునప్పటికి ఇక్కడి సూర్యునికి, సగటున, పన్నెండగుటకు ఇంకను 18 నిమిషములు ఉండును.

ఇక ముప్పావుగంట మాట. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోగల బండికి 40 కిలోమీటర్లు పోవుటకు 24 నిమిషములు చాలవలెను. లెక్కలపుస్తకము అట్లే చెప్పును. కాని ఎక్స్‌ప్రెస్సు బండ్లకు కూడ అర్ధగంట మొదలు ముప్పావుగంట వరకు పట్టుచున్నది. ప్రతి స్టేషనులోను ఆగు బండికి ఇంకను ఎక్కువ. మిగిలిన కాలము ఎక్కడికి పోయినది? బండి నిలిచిన చోటునుండి పూర్తి వేగము నందుకొనుటకు కొన్ని నిమిషములు, ఆ వేగమునుండి నిలుచుటకు కొన్ని నిమిషములు పట్టును. వంపులలో వేగము తగ్గింపవలెను. దారి మరమ్మతు జరుగు చోట మెల్లగా పోవలెను. ఇట్టివి ఉండునని యెరిగియే రైల్వేవారు కాలపట్టికలో కొంత కాలమును ముందుగనే అదనముగా చేర్చుదురు.

ఇట్లనుకొనుచుండగనే రుక్మాపురము దాటిన పిమ్మట మా బండి ఒక సిగ్నలు కడ నిలిచిపోయినది. ముసలమ్మ మొగము వాడినది. "ఏమాయె బిడ్డా?" అనెను. ముందు పోవుచున్న బండి తన భాగమును విడిచి పోవువరకు వెనుక బండిని రానీయరని వ్యాపారి ఆమెకు నచ్చజెప్పెను. అది నిజము. ఒకే దారిలో రెండు బండ్లు ఢీకొనకుండ కాపాడునది ఆ నియమమే. అయినను, కన్నకూతురు ఆపరేషను బల్ల కడ నున్న తల్లికి ఆ ఎఱ్ఱదీపము ఎట్లు కనబడునో ఊహించుకొనుడు.

అప్పుడు కళాశాల పిల్లవాడు, "ఆగినదానికి దిగులెందుకవ్వా? ఇకమీద వేగముగా పోయి ఆ కాలమును పూడ్చును" అనెను. ఈ పొరపాటు పెద్దవారును చేయుచుందురు. కాగితము తీసి ఒక లెక్క వేసి చూడుడు. ఒకడు 40 కిలోమీటర్లు గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోయి, తిరిగివచ్చునపుడు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చెను. సగటు వేగ మెంత? ఇరువదికిని అరువదికిని నడుమ నలుబది యని చాలమంది తడుముకొనకుండ చెప్పుదురు. కాని పోవుటకు 2 గంటలు, వచ్చుటకు 40 నిమిషములు; మొత్తము 80 కిలోమీటర్లకు 2 గంటల 40 నిమిషములు. సగటు వేగము 30 మాత్రమే. మెల్లగా పోయిన భాగములో మనము ఎక్కువ సే పుందుము గనుక, అది లెక్కనంతటిని తన వైపునకు లాగుకొనును.

రోడ్డు మీదికి వచ్చినచో ఈ సంగతి మరింత స్పష్టమగును. వికారాబాదు నుండి ధారూరు మీదుగా తాండూరునకు పోవు త్రోవ కూడ నలుబది కిలోమీటర్లకు కొంచెము అటునిటుగా ఉండును. తాండూరు నాపరాళ్లకును, సిమెంటునకును, కందులకును ప్రసిద్ధి గన్న ఊరు. అక్కడి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. రాళ్ల లారీలు పోవు ఏ రోడ్డును చాలకాలము నున్నగా నిలువదు. ఉదాహరణమునకు, 40 కిలోమీటర్లలో 35 కిలోమీటర్లు గంటకు 70 కిలోమీటర్ల వేగముతో పోవచ్చుననియు, 5 కిలోమీటర్లు మాత్రము గుంతలలో గంటకు 10 కిలోమీటర్లు మించి పోరాదనియు అనుకొందము. ముప్పదియైదు కిలోమీటర్లకు అర్ధగంట. ఆ అయిదింటికిని అర్ధగంట! ఇంజనుకు ఇంకను బలము కూర్చి 70ని 100 చేసినను మిగులునది తొమ్మిది నిమిషములు. ఆ అయిదు కిలోమీటర్ల గుంతలను పూడ్చి అచ్చటను 70 వేగముతో పోనిచ్చినచో, పాతికనిమిషములకు పైగా మిగులును. కాలమును మ్రింగునది దూరము కాదు. ఆ దూరములోని కొంచెము పాటి మందగతి.

రోగిని తీసికొనిపోవు వాహనమున కిది ప్రాణముల లెక్క. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. పక్షవాతము వచ్చినవారిలో మెదడు రక్తనాళమున గడ్డ చేరినవారికి, ఆ గడ్డను కరగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెనని వైద్యు లందురు. ఆ గంటలు ఇంటివాకిట మొదలగును, ఆసుపత్రి గడపలో కాదు. తాండాలో వాహనము కొరకు వేచియుండు అర్ధగంట, గుంతలలో పోవు అర్ధగంట, నగరములో కూడలులకడ నిలుచు అర్ధగంట, ఇవి యన్నియు అందులోనివే.

వేగము పెంచిన చాలునని వాదించువా రున్నారు. 40 కిలోమీటర్ల దారిలో గంటకు 60 కిలోమీటర్ల వేగమును 80కి పెంచినచో లాభము పది నిమిషములు మాత్రమే. కాని 60 వేగమున సెకండునకు దాదాపు 17 మీటర్లు పోవు బండి, 80 వేగమున 22 మీటర్లు పోవును. ఎదుట ఏదేని అడ్డువచ్చినచో ఆగుటకు కావలసిన స్థలము అంతకంటెను ఎక్కువగా పెరుగును. తాండూరువారు రోడ్డున నగరమునకు పోవుటకు చేవెళ్ల త్రోవ ముఖ్యమైనది. ఇరుప్రక్కల తొమ్మిదివందలకు పైగా మర్రిచెట్లు నీడనిచ్చు త్రోవ అది. ఆ చెట్లను కాపాడుటయా, రోడ్డును వెడల్పు చేయుటయా యను వివాదముచే విస్తరణ పని అనేక సంవత్సరములు నిలిచియుండెను. 2025 నవంబరు 3న ఆ త్రోవలో మీర్జాగూడ కడ, తాండూరు నుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును కంకరలోడు టిప్పరు ఢీకొనగా 19 మంది మరణించిరి. చెట్లు కావలెను, ఇరుకు లేని త్రోవయు కావలెను. రెంటిని సాధించు మార్గమును వెదకుటకు పట్టిన కాలము కూడ ప్రయాణకాలములోనిదే యని నాకు తోచును.

మా బండి మరల కదలినది. పైన విమానపు ధ్వని వినబడెను. పిల్లవాడు కిటికీలోనుండి తల యెత్తి చూచి, "అందులో ఉన్నచో నాలుగు నిమిషములలో తాండూరు దాటిపోయెడివారము" అనెను. ఈసారి అతని లెక్క తప్పు కాదు. పిట్టదారిన 35 కిలోమీటర్లను గంటకు 500 కిలోమీటర్ల వేగముతో పోవు చిన్న విమానము నాలుగు నిమిషములకు కొంచెము పైగా దాటును.

వికారాబాదులో గాని తాండూరులో గాని ప్రయాణికుల విమానములు దిగు స్థలము లేదు. తూర్పున 2008 మార్చిలో తెరచిన శంషాబాదు విమానాశ్రయము, పడమట 2019 నవంబరు 22న ప్రారంభమైన కలబురిగి విమానాశ్రయము ఉన్నవి. పటము మీద ఈ రెంటిని కలుపుచు ఒక గీత గీయుడు. ఆ గీత వికారాబాదునకు కొంత దక్షిణముగా సాగి, తాండూరునకు మిక్కిలి చేరువగా పోవును. దాని పొడవు సుమారు 156 కిలోమీటర్లు. 500తో భాగించినచో 19 నిమిషములు కూడ కాదు!

అయితే వికారాబాదు మనిషి యొకడు ఈ గగనమార్గమున కలబురిగికి పోదలచినాడనుకొందము. మొదట కలబురిగికి విరుద్ధదిశలో తూర్పునకు, శంషాబాదునకు పోవలెను, సుమారు గంటన్నర. విమానము లేచుటకు గంటకు ముందే అక్కడ నుండవలెను. సామాను చూపవలెను, తనిఖీ కావలెను. విమాన మెక్కిన పిమ్మట అది రన్‌వే మొదటికి మెల్లగా నడచిపోవును. విమానములు గాలికి ఎదురుగా లేచును. శంషాబాదు రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నది. తూర్పుగాలి వీచుచున్నచో పడమరకు పోవలసిన విమానము తూర్పునకు లేచి చుట్టు తిరిగి రావలెను. పైన కూడ పటములోని గీత వెంట పోరాదు. నియమించిన మార్గముల పోవలెను. పూర్తి వేగము నందుకొనునంతలోనే దిగుటకు వేగము తగ్గింపవలసివచ్చును. దిగిన తరువాత విమానాశ్రయము నుండి ఊరిలోనికి మరల రోడ్డు ప్రయాణము. అన్నియు కూడినచో నాలుగు గంటలకు తక్కువ కాదు. అతడే వికారాబాదులో రైలెక్కినచో, తాండూరు, వాడి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు పోయి, మూడు గంటలలో కలబురిగి చేరి కాఫీ త్రాగుచుండును.

దీనినిబట్టి విమానము దండుగ యనరాదు. చిన్న పట్టణముల విమానాశ్రయములను కలుపుటకు కేంద్రప్రభుత్వ మేర్పరచిన ఉడాన్ పథకము క్రింద 2017 ఏప్రిల్ 27న కడప, నాందేడులనుండి హైదరాబాదునకు విమానములు నడచుట మొదలైనది. కడపకును శంషాబాదునకును పిట్టదారిన సుమారు 300 కిలోమీటర్లు; రైలులో ఒక రాత్రి పట్టు దారి. విమానమునకు ఒక గంట. అక్కడ ముందు వెనుకల మూడు గంటలు చేర్చినను విమానమే గెలుచును. నేలమీద కదలక గడచు కాలము 156 కిలోమీటర్లకైనను, 300 కిలోమీటర్లకైనను, వేయి కిలోమీటర్లకైనను దాదాపు ఒక్కటే. దూరము పెరిగినకొలది ఆ భారము పలుచనగును. తగ్గినకొలది అదియే ప్రయాణమంతయు నగును. పైన పోవు విమానమును చూచి అసూయపడిన పిల్లవాడు ఈ భాగమును లెక్కలోనికి తీసికొనలేదు.

మంతట్టి దాటినది. నాపరాతి గనులు, రాళ్లు కోయు యంత్రశాలలు కనబడ నారంభించెను. ముసలమ్మ మూట చంకకెత్తుకొని తలుపుకడకు పోయి నిలుచుండెను. వ్యాపారి తన గడియారమును చూచి, "పదునొకండు ఏబదియొకటి" అని ఆమె అడుగకుండగనే చెప్పెను. బండి తాండూరులో నిలుచునప్పటికి ఇంకొక రెండు నిమిషములు గడచెను. కళాశాల పిల్లవాడు ముందు దిగి, ఆమె మూటను తాను పుచ్చుకొని, జనమును తప్పించుచు ఆమెను వెలుపలికి నడిపించెను. నేనును వెంట పోయితిని.

స్టేషను వెలుపల ఆటోవాడు ఎదురువచ్చెను. "ఆసుపత్రి ఎంత దూరమున్నది?" అని పిల్లవాడు తొందరగా అడిగెను.

"ఎంత దూరమయ్యా! ఇదిగో, కూతవేటు దూరమే" అనెను ఆటోవాడు.

ముసలమ్మ అప్పటికే ఆటోలో కూర్చున్నది. మూట అందుకొనుచు, "దూరము కాదు కొడుకా, ఎన్ని నిమిషాలు?" అనెను.